లిఫ్ట్, డ్రాగ్ అంటే ఏంటి? లడ్డూ కప్పు, టేబుల్ ఫ్యాన్‌తో పిల్లలకు ఇంట్లోనే చూపించొచ్చు.. రాకెట్ల తీరంలో గాలి పాఠం

శ్రీహరికోటలో రాకెట్ లేస్తోందంటే చాలు.. సూళ్లూరుపేట నుంచి నెల్లూరు దాకా మేడల మీద జనం, చేతుల్లో ఫోన్లు. నిప్పు, పొగ, కాసేపటికి వినిపించే ఆ మోత చూసి పిల్లలు గంతులేస్తారు. ఆ తర్వాత మొదలవుతాయి ప్రశ్నలు. రాకెట్ అంటే సరే, కింద మంట చిమ్ముతూ పైకి పోతోంది. మరి విమానం రెక్క కింద మంట ఏమీ లేదు కదా, అది ఎలా లేస్తోంది? అంత బరువైన గూడబాతు పులికాట్ మీద రెక్క కూడా ఆడించకుండా ఎలా తేలుతోంది?

పెద్దవాళ్ల దగ్గర, చాలా పుస్తకాల్లోనూ దీనికి ఒక రెడీమేడ్ జవాబు ఉంది. చిక్కేంటంటే.. ఆ జవాబులో సగం తప్పు. తప్పని పిల్లలే కనిపెట్టగలరు. కావాల్సిందల్లా ఒక టేబుల్ ఫ్యాన్, స్వీట్ షాపు కప్పులు, వంటింట్లో తూకం మెషీన్, ఒక ఫోన్.

ముందు చెయ్యి పెట్టి చూడండి

లిఫ్ట్ అనగానే అపార్ట్‌మెంట్‌లో ఎక్కేదో, బైక్ ఆపి అడిగేదో గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. గాలి ఒక వస్తువును తాకుతూ వెళ్లేటప్పుడు ఆ వస్తువు మీద రెండు రకాల బలాలు పడతాయి. గాలి పోయే దిశలోనే వస్తువును తనతో పాటు లాక్కుపోయే బలం డ్రాగ్. గాలి దిశకు అడ్డంగా, అంటే పైకో కిందకో పక్కకో నెట్టే బలం లిఫ్ట్. విమానం విషయంలో అది పైకి ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఈ నిర్వచనం బోర్డు మీద రాస్తే పిల్లల బుర్రకెక్కదు. టేబుల్ ఫ్యాన్‌ను ఫుల్ స్పీడ్‌లో పెట్టి, మూరెడు దూరంలో అరచేతిని నేలకు సమాంతరంగా చాపమనండి. గాలి చెయ్యి పైనా కిందా జారిపోతుంది, పెద్దగా ఏమీ తెలియదు. ఇప్పుడు ఫ్యాన్ వైపున్న అంచును కొద్దిగా పైకి ఎత్తమనండి. చెయ్యి పైకి లేస్తున్నట్టు తెలుస్తుంది. ఇంకా వంచి అరచేతిని గోడలా నిలబెడితే పైకి లేపే బలం పోయి, వెనక్కి నెట్టే బలమే మిగులుతుంది. ఒక్క నిమిషంలో లిఫ్ట్, డ్రాగ్ రెండూ చేతికి తెలిసిపోయాయి.

ఇదే ప్రయోగాన్ని బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చేసే అలవాటు పిల్లల్లో ఉంది. అది మాత్రం వద్దు. ఎదురుగా లారీ వస్తే ప్రయోగం ఆసుపత్రిలో ముగుస్తుంది. ఫ్యాన్‌కు కూడా ముందు జాలీ ఉండాల్సిందే.

లడ్డూ కప్పు చెప్పే లెక్క

డ్రాగ్ గురించి చెప్పడానికి స్వీట్ షాపులో లడ్డూ, మైసూర్‌పాక్ కింద పెట్టే ముడతల కాగితం కప్పును మించింది లేదు. ఒకే సైజువి ఐదారు తీసుకోండి. ఒకటి ఒక చేతిలో, నాలుగు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఇంకో చేతిలో పట్టుకుని ఒకే ఎత్తు నుంచి వదలాలి. నాలుగున్నదే ముందు పడుతుంది. ‘బరువైంది కాబట్టి ముందు పడింది’ అంటారు పిల్లలు. అప్పుడు ఒక కప్పును ఉండగా నలిపి, నలపని కప్పుతో పాటు వదలండి. బరువు ఒకటే, అయినా ఉండే ముందు పడింది. అంటే ఇక్కడ ఆట ఒక్క బరువుది కాదు, గాలికి అడ్డుపడే ఆకారానిది కూడా.

అసలు తమాషా దీని తర్వాతే ఉంది. ఒక కప్పును మీటరు ఎత్తులో, నాలుగు కప్పుల కట్టను రెండు మీటర్ల ఎత్తులో పట్టుకుని ఒకేసారి వదలాలి. వదిలే ముందు ఏది ముందు పడుతుందో పిల్లలందరి చేతా కాగితం మీద రాయించండి. ఈ పని మానేస్తే ప్రయోగంలో సగం విలువ పోయినట్టే. ఎందుకంటే ఫలితం చూశాక ‘నాకు ముందే తెలుసు’ అనని పిల్లాడు ఉండడు!

రెండూ దాదాపు ఒకేసారి నేలను తాకుతాయి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే తేడా ఎంత తక్కువో తెలుస్తుంది.

ఎందుకలా? కప్పు పడటం మొదలైన కొద్ది క్షణాలకే దాని బరువు, కింది నుంచి అడ్డుకునే డ్రాగ్ సమానమైపోతాయి. అక్కడి నుంచి వేగం ఇక పెరగదు. నాలుగు కప్పుల కట్టకు బరువు నాలుగింతలు. దాన్ని ఆపాలంటే డ్రాగ్ కూడా నాలుగింతలు కావాలి. కానీ కట్ట పడిన వేగం ఒక్క కప్పు వేగానికి రెండింతలే. అంటే వేగం రెట్టింపైతే డ్రాగ్ రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతోంది. వేగం మూడింతలైతే డ్రాగ్ తొమ్మిదింతలు. హైవే మీద కారు వంద దాటితే మైలేజీ పడిపోవడానికి పెద్ద కారణం ఇదే. ఈ ‘రెండుకు నాలుగు’ లెక్కను పిల్లలు గుర్తుపెట్టుకుంటే చాలు, కింద చెప్పే వాటిలో చాలా భాగం వాళ్లే చెప్పేస్తారు.

క్యారీబ్యాగ్ పారాచూట్.. అదే లెక్క బంగాళాఖాతంలో

పల్చటి ప్లాస్టిక్ కవర్‌ను గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ సమాన దూరంలో ఎనిమిది దారాలు కట్టి, అన్నింటినీ కింద ఒక ముడి వేస్తే పారాచూట్ రెడీ. మధ్యలో రూపాయి బిళ్లంత రంధ్రం పెట్టకపోతే గాలి ఒక అంచు నుంచి తప్పించుకుని పారాచూట్ ఊయలలా ఊగుతుంది. రెండూ చేసి చూపిస్తేనే బాగుంటుంది. మొదట రెండు ఇనుప నట్లు వేలాడదీసి, తర్వాత ఎనిమిది వేలాడదీసి, ఒకే ఎత్తు నుంచి వదిలి టైమ్ చూడండి. బరువు నాలుగింతలు, వేగం ఇంచుమించు రెండింతలు. మళ్లీ లడ్డూ కప్పు లెక్కే. మేడ మీద నుంచి వదిలే పని మాత్రం పెద్దవాళ్లదే, పిల్లలు కింద నిలబడి టైమ్ చూసుకోవాలి.

ఈ తీరంలో ఇదే ప్రయోగం టన్నుల బరువుతో జరిగింది. 2014 డిసెంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ తొలి ప్రయోగాత్మక పరీక్షలో ఇస్రో ఒక క్రూ మాడ్యూల్‌ను 126 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. మనుషులు లేని ఆ మాడ్యూల్ బరువు 3.7 టన్నుల పైమాటే. తిరిగి వాతావరణంలోకి దిగి, పారాచూట్లు విచ్చుకుని అండమాన్ నికోబార్ వైపు సముద్రంలో పడింది. ప్రధాన పారాచూట్ల వ్యాసం 31 మీటర్లు. అలాంటివి రెండు. నీటిని తాకినప్పుడు మాడ్యూల్ వేగం సెకనుకు సుమారు 7 మీటర్లు, అంటే గంటకు 25 కిలోమీటర్లు. నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద రద్దీలో ఆటో వేగం అనుకోవచ్చు.

ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ అంకెలతో ఒక పని చేయించొచ్చు. రెండు పారాచూట్ల వైశాల్యం కలిపితే సుమారు 1,500 చదరపు మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. వేగం 7. డ్రాగ్ ఫార్ములాలో వేసి, దాన్ని మాడ్యూల్ బరువుకు సమానం చేస్తే డ్రాగ్ గుణకం 0.8 దగ్గర వస్తుంది. కవర్ పారాచూట్‌ను కొలిచినా ఆ చుట్టుపక్కలే రావాలి. ప్లాస్టిక్ కవర్, ఇస్రో పారాచూట్ ఒకే సూత్రానికి లొంగుతాయని ఉపన్యాసం ఇవ్వడం కంటే ఈ ఒక్క లెక్క నయం.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే అడగాలి. పెద్ద పారాచూట్‌ను మొదటే ఎందుకు తెరవరు? వేగం ఎక్కువగా ఉన్నప్పుడు తెరిస్తే డ్రాగ్ వేగం వర్గంతో పెరిగి గుడ్డ, తాళ్లు చిరిగిపోతాయి. అందుకే ముందు డ్రోగ్ అనే చిన్న పారాచూట్లు తెరుచుకుని వేగం తగ్గిస్తాయి, తర్వాతే పెద్దవి. గగన్‌యాన్ కోసం 2023 అక్టోబర్ 21న జరిగిన టీవీ-డీ1 పరీక్షలో మాడ్యూల్ అలాగే దిగి శ్రీహరికోట తీరానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో పడింది, నేవీ దాన్ని ఒడ్డుకు చేర్చింది. 2025 ఆగస్టు 24న వాయుసేన చినూక్ హెలికాప్టర్ నుంచి డమ్మీ మాడ్యూల్‌ను వదిలి పారాచూట్లను మళ్లీ పరీక్షించారు. వ్యోమగాముల ప్రాణాలు చివరి నిమిషాల్లో వేలాడేది ఈ డ్రాగ్ మీదే.

షార్ పేరు వెనక ఉన్న మనిషి

సతీశ్ ధవన్ స్పేస్ సెంటర్ అని రోజూ అంటాం. 2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, నెల్లూరు వాళ్లకు షార్ ఇప్పటికీ సొంతమే. కానీ ఆ పేరున్న ధవన్ రాకెట్ల కంటే ముందు గాలిని చదివిన మనిషి అన్న సంగతి చాలామందికి తెలియదు.

1920లో పుట్టిన ధవన్ అమెరికాలోని కాల్‌టెక్‌లో పరిశోధన చేశారు. ఒక ఉపరితలం మీద గాలి రాసుకుంటూ పోతే పుట్టే డ్రాగ్‌ను నేరుగా కొలవడం ఆయన పని. పలక మధ్యలో ఒక చిన్న ముక్కను కొద్దిగా కదిలేలా అమర్చి, గాలి దాన్ని ఎంత లాగిందో చూసే పద్ధతి అది. తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టించారు, 1972 నుంచి 1984 వరకు ఇస్రోను నడిపారు. ఆయన మరణించిన 2002లోనే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ధవన్ ప్రయోగానికి పిల్లల వెర్షన్ ఇలా ఉంటుంది. పోస్ట్‌కార్డంత అట్టను రెండు దారాలతో వేలాడదీసి ఫ్యాన్ ముందు పెట్టండి. అట్ట ముఖం ఫ్యాన్ వైపు ఉంటే దారం బాగా వెనక్కి వాలుతుంది. అట్ట అంచు ఫ్యాన్ వైపు ఉండేలా తిప్పి కడితే దారం దాదాపు నిటారుగానే ఉంటుంది, కాస్తే కదులుతుంది. ఆ కాస్త కదలికలో గాలి రాపిడిది కూడా ఒక వాటా. వెనక ఒక కోణమాపకం అంటిస్తే ‘ఎంత’ అన్నదానికి అంకె కూడా వస్తుంది. అంకె వస్తేనే అది ప్రయోగం, లేకపోతే ఆట. ఆట కూడా మంచిదేలెండి.

రెక్క కథలో తప్పెక్కడ?

ఇప్పుడు ఆ రెడీమేడ్ జవాబు సంగతి. రెక్క పైన వంపు, కింద చదును. పైన వెళ్లే గాలి ఎక్కువ దూరం పోవాలి. కింద గాలితో పాటు ఒకేసారి అవతలి అంచుకు చేరాలి కాబట్టి వేగంగా పోతుంది. వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, అందుకే రెక్క లేస్తుంది. చాలామంది చదువుకున్నది ఇదే.

ఇందులో తప్పు ‘ఒకేసారి చేరాలి’ అన్న ముక్క. పైన గాలికీ కింద గాలికీ అలాంటి ఒప్పందం ఏమీ లేదు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హోల్గర్ బాబిన్‌స్కీ రెక్క మీదుగా పొగను పంపి తీసిన వీడియో 2012లో ఆన్‌లైన్‌లోకి వచ్చింది. అందులో పైన వెళ్లిన పొగ కింది పొగ కంటే ముందే అవతలికి చేరిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. అంత దూరం ఎందుకు, సంక్రాంతికి ఎగరేసే గాలిపటమే చూడండి. దానికి పైన వంపు, కింద చదును అంటూ లేవు, పల్చటి కాగితమే. మరి ఎగురుతోంది కదా? తలకిందులుగా ఎగిరే యుద్ధ విమానాలకూ ఆ కథ సరిపోదు.

పిల్లలతో చేయించాల్సిన పని ఇది. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు కాగితం ముక్కను కింది పెదవి దగ్గర పట్టుకుని పైనుంచి ఊదమనండి. వేలాడుతున్న కాగితం పైకి లేస్తుంది. ‘వేగంగా పోయే గాలి ఒత్తిడి తగ్గించింది’ అని ఇక్కడే పాఠం ఆపేస్తుంటారు. ఆపకూడదు. అదే కాగితాన్ని తలుపు తెరలా నిటారుగా వేలాడదీసి, ఒక వైపు ఉపరితలం వెంట పైనుంచి కిందికి ఊదండి. వేగమే అసలు కారణమైతే కాగితం ఊదిన వైపుకు లాక్కుపోవాలి. పోదు. దాదాపు కదలదు. మొదటిసారి కాగితం వంగి ఉంది, గాలి ఆ వంపు వెంట తిరిగి కిందికి మళ్లింది. రెండోసారి వంపు లేదు, గాలి తిరగలేదు, లిఫ్ట్ కూడా లేదు.

అదీ అసలు సంగతి. రెక్క గాలిని కిందికి తిప్పుతుంది, బదులుగా గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడో నియమం. అలాగని బెర్నూలీ తప్పు అనుకోవద్దు. రెక్క పైన గాలి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ అన్నది నిజమే, కొలిచి చూసిందే. ఆ వేగానికి చెప్పే పరుగు పందెం కారణం మాత్రమే తప్పు. ఒత్తిడి తేడా, గాలి కిందికి మళ్లడం.. రెండూ ఒకే సంఘటనకు రెండు ముఖాలు.

ట్యాప్ నుంచి సన్నగా పడే నీటి ధారకు గరిటె వీపును తాకించి చూపిస్తే మళ్లడం అంటే ఏంటో కంటికి కనిపిస్తుంది. నీరు వంపు వెంట ఒక పక్కకు తిరుగుతుంది, గరిటె దానికి ఎదురు పక్కకు లాగబడుతుంది. నీటికి అంటుకునే గుణం కూడా ఉంది కాబట్టి ఇది గాలికి అచ్చం నకలు కాదు. అయినా చూడటానికి బాగుంటుంది.

లిఫ్ట్‌ను గ్రాముల్లో తూచేద్దామా?

వంటింటి డిజిటల్ తూకం మెషీన్ మీద ఒక బరువైన చెక్క ముక్క పెట్టి, దానికి రెండు పెన్సిళ్లు నిలువుగా అతికించి, వాటి పైన పుస్తకం అట్టంత గట్టి కార్డ్‌బోర్డ్‌ను కొద్దిగా వాలుగా అంటించండి. ఫ్యాన్ వైపు అంచు ఎత్తుగా ఉండాలి. ఫ్యాన్ గాలి కార్డ్‌బోర్డ్‌కే తగిలేలా, మెషీన్‌కు తగలకుండా ముందు పుస్తకాల దొంతర అడ్డం పెట్టాలి. రీడింగ్ రాసుకుని ఫ్యాన్ వేయండి. తూకం కొన్ని గ్రాములు తగ్గుతుంది. తగ్గినంతా లిఫ్టే.

నమ్మేముందు కార్డ్‌బోర్డ్ తీసేసి ఒకసారి ఫ్యాన్ వేసి చూడాలి. అప్పుడు కూడా తూకం మారితే గాలి మెషీన్‌నే కదిలిస్తోందన్నమాట. ఈ చెకింగ్ లేకుండా ఇచ్చే ఏ ఫలితాన్నీ ఒప్పుకోకూడదని పిల్లలకు అలవాటైతే, అది లిఫ్ట్ కంటే పెద్ద చదువు.

తర్వాత వాలు మార్చుతూ పోవడమే. వాలు పెంచే కొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది. ఒక దశ దాటాక పెరగడం ఆగి తగ్గుతుంది, డ్రాగ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. గాలి ఇక కార్డ్‌బోర్డ్ పైభాగాన్ని అంటిపెట్టుకుని తిరగలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. విమానాల భాషలో దీన్నే స్టాల్ అంటారు. ఏ కోణంలో అన్నది కార్డ్‌బోర్డ్ ఆకారాన్ని బట్టి మారుతుంది, అందుకే పుస్తకంలో అంకె వెతక్కుండా కొలవమనాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వాలు మారిస్తే ఫ్యాన్ స్పీడ్ ముట్టుకోకూడదు.

రైట్ సోదరులు చేసిందీ ఇదే. గ్లైడర్లు లెక్క ప్రకారం లేవకపోయేసరికి 1901లో సొంతంగా చెక్కపెట్టె లాంటి విండ్ టన్నెల్ కట్టుకున్నారు. హ్యాక్సా బ్లేడ్లు, సైకిల్ చువ్వల తీగలతో త్రాసు చేసి, సుమారు 200 చిన్న రెక్క నమూనాల లిఫ్ట్, డ్రాగ్‌లను కొలిచారు. అంతకుముందు వాళ్లు లెక్కల్లో వాడిన అంకెల్లో పొరపాటుందని అప్పుడు తేలింది. రెండేళ్లకు, 1903 డిసెంబర్ 17న విమానం లేచింది. అదీ సముద్రపు గాలి బలంగా వీచే ఇసుక తీరంలోనే.

కాగితం విమానం నుంచి పుష్పక్ దాకా

లిఫ్ట్, డ్రాగ్ రెండింటి నిష్పత్తి తెలుసుకోవడానికి మెషీన్ కూడా అక్కర్లేదు. ఫ్యాన్ ఆపేసిన హాల్లో భుజం ఎత్తు నుంచి కాగితం విమానాన్ని మెల్లగా వదలండి. విసరకూడదు. అది పోయిన దూరాన్ని, వదిలిన ఎత్తుతో భాగించండి. మీటరున్నర ఎత్తు నుంచి ఆరు మీటర్లు పోతే జవాబు నాలుగు. నిలకడగా జారినంత సేపూ దాని లిఫ్ట్, డ్రాగ్‌కు నాలుగింతలన్నమాట. ముక్కుకు జెమ్ క్లిప్ పెట్టి, రెక్కల వెనక అంచు కాస్త వంచి, మళ్లీ కొలిచి.. ఏది ఎక్కువ దూరం పోతుందో పిల్లలే పోటీ పెట్టుకుంటారు.

రెక్కలున్న వాహనంతో ఇస్రో చేసిన తొలి ప్రయత్నం కూడా ఇక్కడి నుంచే. 2016 మే 23 ఉదయం 7 గంటలకు శ్రీహరికోటలో లేచిన ఆర్‌ఎల్‌వీ-టీడీ సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, ధ్వనికి ఐదు రెట్ల వేగంతో వాతావరణంలోకి దిగి, రెక్కల మీద జారుతూ 450 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీద అనుకున్న చోటికి చేరింది. మొత్తం 770 సెకన్లు, పదమూడు నిమిషాల లోపే. పారాచూట్ మీద దిగే మాడ్యూల్ ప్రధానంగా డ్రాగ్‌ను నమ్ముకుంటే, ఇది లిఫ్ట్‌ను కూడా వాడుకుంది. దాని తర్వాతి రూపమే పుష్పక్. 2024 జూన్ 23న కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలితే గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగంతో రన్‌వేను తాకింది. అక్కడ మళ్లీ బ్రేక్ పారాచూట్ విచ్చుకుని వేగాన్ని 100కు దించింది. లిఫ్ట్‌తో వచ్చి, డ్రాగ్‌తో ఆగింది.

తీరంలో కళ్లు తెరిచి చూస్తే ఇవన్నీ రోజూ జరిగేవే. పులికాట్‌లో తెరచాప పడవకు పక్క నుంచి గాలి కొట్టినా ముందుకే పోతుంది, ఎందుకంటే అక్కడ లిఫ్ట్ ఆకాశం వైపు కాదు, అడ్డంగా పనిచేస్తోంది. చలికాలంలో వచ్చే రాజహంసలు లేచేటప్పుడు నీళ్ల మీద గాలికి ఎదురుగా పరుగెత్తుతాయి. గాలి వేగం, పరుగు వేగం రెండూ కలిసి రెక్కకు అందుతాయి కాబట్టి తక్కువ పరుగుతో పని అయిపోతుంది. విమానాలు గాలికి ఎదురుగా లేచేదీ అందుకే. ధవన్ కూడా పులికాట్ పక్షులను గంటల తరబడి గమనించిన మనిషి. పక్షులు ఎగిరే తీరు మీద ‘బర్డ్ ఫ్లైట్’ అనే రచన కూడా చేశారు.

రేకుల ఇంటికి వచ్చే లిఫ్ట్

తీరంలో పిల్లలకు లిఫ్ట్ గురించి చెప్పి, తుపాను గురించి చెప్పకపోతే అసలు భాగం వదిలేసినట్టే. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను నాటి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గాలివానలో రేకులు, పూరి కప్పులు ఎగిరిపోయాయంటే గాలి వాటిని పక్కకు నెట్టిందని అనుకుంటాం. చాలాసార్లు ముందు జరిగేది పైకి లేవడం. ఇంటి మీదుగా పోయే గాలి కప్పు అంచుల దగ్గర, మూలల దగ్గర, కొప్పు దగ్గర విడిపోయి పైనుంచి పీలుస్తుంది. అంటే కప్పు రెక్కలా మారిపోతుంది.

చెప్పుల డబ్బాతో చూపించొచ్చు. డబ్బాను ఇల్లు అనుకుని, చార్ట్ పేపర్‌ను మధ్యకు మడిచి కప్పులా ఊరికే పైన పెట్టండి, అతికించొద్దు. ఫ్యాన్‌ను దూరం నుంచి మెల్లగా దగ్గరికి జరుపుతూ, కప్పు ఏ దూరంలో లేచిందో నేల మీద చాక్‌పీస్‌తో గీత గీయండి. ఇప్పుడు ఫ్యాన్ వైపు గోడకు ఒక తలుపు కత్తిరించి తెరిచి పెట్టి మళ్లీ చేయండి. ఈసారి కప్పు ఇంకా దూరం నుంచే లేస్తుంది. పైన పీల్పు ఎలాగూ ఉంది, లోపలికి దూరిన గాలి కింది నుంచి కూడా నెట్టింది. తుపాను వేళ గాలి వచ్చే వైపు తలుపులు, కిటికీలు గట్టిగా మూయాలని చెప్పేది ఇందుకే. తెరిచి ఉంచితే గాలి ఇటు వచ్చి అటు పోతుందన్న నమ్మకం కప్పుకు ప్రమాదం.

లడ్డూ కప్పు లెక్క కూడా ఇక్కడికి తెచ్చుకోవాలి. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరితే తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. వార్తల్లో వినేటప్పుడు 62 నుంచి 124 అంటే ‘రెట్టింపు గాలి’ అనిపిస్తుంది. రేకు మీద పడే బలం నాలుగింతలు. చిన్న గాలికి నిలబడిన కప్పు పెద్ద గాలికీ నిలబడుతుందని ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు వేసుకోవాల్సిన లెక్క ఇది. షెల్టర్‌కు వెళ్లమన్నప్పుడు వెళ్లాల్సిందే.

ఇక చివరి మార్పు. తలుపు తెరిచే ఉంచి, చార్ట్ పేపర్ కప్పును ముందు మధ్యలో రెండు చోట్ల దారంతో డబ్బాకు కట్టి ఫ్యాన్ దగ్గరికి జరపండి. గీత గీయండి. తర్వాత ఆ దారాలు విప్పి నాలుగు మూలల్లో కట్టి మళ్లీ గీత గీయండి. రెండు గీతల మధ్య దూరం కొలిచాక, తమ ఇంటి రేకులకు జే బోల్టులు మూలల్లో, అంచుల్లో సరిపడా ఉన్నాయో లేదో చూడమని పిల్లలను పంపండి. ఎక్కేది పెద్దవాళ్లు, లెక్క రాసుకునేది పిల్లలు.